రెండో శుద్ధి

మార్చి 3, సోమవారం

సార్ ఈ రోజు ఒక ఉత్తరం రాశారు. రాసి, పంపించేసి, ఆ తర్వాత మాకు చదివి వినిపించారు. ఆయన తీరే అంత. ముందు దూకుతారు, ఆ తర్వాత లోతెంత అని అడుగుతారు.

మా స్ఫటికం సూదిలా సన్నగా ఉన్నా రబ్బరులా వంగుతుందని, సున్నాలా చుట్టి వదిలేస్తే టపీమని మళ్ళీ నిటారుగా నిలబడుతుందని పోయినేడాది పత్రికలో వేశాం. సార్ పేరు పక్కన నా పేరు అచ్చయిన మొదటి వ్యాసం అది. అక్క దానికి ఫ్రేము కట్టించి, బావ లాండ్రీ షాపులో ఇస్త్రీ బల్ల పైన వేలాడదీసింది. ఇప్పుడు వేరే ల్యాబు నుంచి ఒక మేడమ్ పత్రికవాళ్ళకు ఫిర్యాదు చేసింది. "నలభై సార్లు చేశాం. నలభై సార్లూ ముట్టుకుంటే పుటుక్కున విరిగేదే వచ్చింది. వీళ్ళ వంగేది ఎక్కడుందో చూపించమనండి" అని.

దానికి సార్ జవాబు: "ఈ నెల ఇరవై ఆరున రండి మేడమ్. మీ కళ్ళ ముందే చేసి చూపిస్తాం."

"మన దగ్గర వంగేవి ఇంకా ఎన్ని మిగిలాయి?" అని తుమ్ములు అడిగాడు. తుమ్ములంటే నా పక్క బల్ల. నాతోపాటే చేరాడు. దుమ్ము పడదు, ఏసీ పడదు, సుద్దముక్క పడదు. తుమ్మితే ఏడు తుమ్ములకు తక్కువ కాదు.

ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ సార్ వచ్చినవాళ్ళకల్లా వంచి చూపించి పోగొట్టారు. బల్బు మార్చడానికొచ్చిన ఎలక్ట్రీషియన్‌కు కూడా చూపించారు. ఈ రోజు ఉత్తరం పంపిన హుషారులో ఆ చివరిదాన్ని కూడా చిమటాతో, అదే ఆ చిన్న పట్టకారుతో, పట్టుకుని, "చూడండర్రా, ఎలా వంగుతుందో!" అన్నారు. వంగింది. లేచింది. ఎగిరింది. ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ముగ్గురం నేల మీద పాకుతుంటే చీపురు పిన్ని గుమ్మంలో నిలబడింది.

"ఉంగరం పడిపోయిందా?"

"స్ఫటికం పిన్నీ."

"ఎంతుంటది?"

"వెంట్రుకంత."

"అంతేనా! వెతక్కండి. రేపు పొద్దున ఊడ్చి పారేస్తాలే."

కంగారేమీ లేదు. పద్ధతి నాదే, మళ్ళీ చేస్తాను. పొడిని రెండుసార్లు శుద్ధి చేయడం, వేడి ద్రావకంలో కరిగించడం, మెల్లగా చల్లారనివ్వడం. అంతే. నోట్‌బుక్‌లో అంతా రాసి ఉంది.

మార్చి 4

పాత సీసా ఖాళీ. వంగేవన్నీ ఆ ఒక్క సీసాలోని పొడితో చేసినవే. కొత్త పొడి తయారుచేస్తున్నాను. రెండుసార్లు శుద్ధి చేస్తాను, అప్పటిలాగే.

మార్చి 7

పెళుసు.

మార్చి 8

పెళుసు. ముట్టుకోకముందే విరిగింది. నేను చూసిన చూపుకే విరిగిందని తుమ్ములు అంటున్నాడు.

మార్చి 10, సోమవారం

పెళుసు.

పాత సీసా కడిగి బోర్లించాను. బల్ల మీద ఖాళీ సీసాలు పేరుకుంటే నాకు చిరాకు. శుభ్రత మంచిదే కదా.

మార్చి 11

సార్ మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఒకే పదార్థం రెండు రకాలుగా స్ఫటికం కట్టగలదు. అవే ఇటుకలు, పేర్పే వేరు. అందులో ఒకటి గట్టి పిండం, పేరుకు పెళుసైనా. అది ఒకసారి గదిలో పుట్టిందంటే దాని నలుసులు గాలిలో తేలుతూ ఉంటాయి. కంటికి కనపడవు. కానీ పాలలో తోడు పడ్డట్టు ఒక్క నలుసు ద్రావణంలో పడితే చాలు, మొత్తం దానిలాగే పేరుకుంటుంది. రెండో రకం ఇక పుట్టమన్నా పుట్టదు. ప్రపంచంలో కొన్ని ల్యాబుల్లో ఇలా ఒక రకం పూర్తిగా మాయమైపోయిన సందర్భాలు ఉన్నాయట.

"అంటే మన గదిలో తోడు తిరుగుతోంది. ఎవరో మోసుకొస్తున్నారు. ఎవరు?" అన్నారు సార్.

అందరం అందరివైపూ చూసుకున్నాం.

నేను సార్ గడ్డం వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ గడ్డం గుండెల దాకా ఉంటుంది. ప్రతి బీకరు మీదకూ ఆయనకన్నా ముందే అది వంగుతుంది.

"ఏం చూస్తున్నావమ్మాయ్?"

"ఏం లేదు సార్. తుమ్ములు... చాలా దూరం పోతాయి కదా సార్."

తుమ్ములు నా వైపు తిరిగిన తీరు రాయాలని లేదు. కానీ శాస్త్రపరంగా చూస్తే అది సమంజసమైన అనుమానమే. ఆ రోజుల్లో నేను రెండుసార్లు శుద్ధి చేశాను కాబట్టి, లోపం గాలిలోనే ఉండాలి.

మార్చి 12

తుమ్ములకు మూడు మాస్కులు, ఒకదాని మీద ఒకటి. కుర్చీ, బల్ల వరండాలోకి మార్పించారు. తలుపు అద్దంలోంచి చూస్తే జైల్లో ములాఖత్‌లా ఉంది. వాడు తలుపుకు ఒక కాగితం అంటించాడు. "ఈ రోజు తుమ్ములు: 11. ల్యాబు లోపల: 0."

పెళుసు.

మార్చి 13

చీపురు పిన్నికి గది మొత్తం తడిగుడ్డతో మూడుసార్లు తుడవమని చెప్పాను.

"ఏముందని తుడవాలి? అద్దంలా ఉంది కదా."

"కనపడని దుమ్ము పిన్నీ."

"కనపడని దుమ్ముని నేనెట్లా తుడుస్తానమ్మా? పోయిందో లేదో నాకెట్లా తెలుస్తది?"

నేను బకెట్టు అందించాను. ఆమె తుడిచింది. తుడిచి, "పోయింది. నాకు కనపడట్లా" అంది.

మార్చి 14

కోట్లు, పరదాలు, ఎలుక బొమ్మ ఉన్న మా చేతి తువ్వాలు, అన్నీ మూట కట్టి బావ షాపుకు తెచ్చాను. బావ మూట విప్పి వాసన చూశాడు.

"ఏం మరకలు మరదలా?"

"మరకల్లేవు బావా. కనపడని నలుసులు."

"కనపడనివాటికి కూడా ఉతుకుడా! ఈ ముక్క ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే నేను ఇంకో షాపు పెట్టొచ్చు."

అక్క మాత్రం నవ్వలేదు. ఆసుపత్రి నుంచి డ్యూటీ దిగి వచ్చింది. నర్సు కళ్ళు కదా, పట్టేస్తాయి. "నువ్వు చేతులు ఎందుకు అంతలా కడుగుతున్నావు? తోలు ఊడొస్తుంది" అంది.

మార్చి 15

ఈ రోజు సార్ తనంతట తానే తలుపు వేసుకుని, నల్లకాగితం పరుచుకుని, దాని మీద గడ్డం దువ్వుకున్నారు. రాలినదంతా మైక్రోస్కోపు కింద పెట్టమని నాకు ఇచ్చారు. సుద్దపొడి. బిస్కెట్టు. ఏదో ఎర్రదారం. ఒక మెరిసే నలుసు కనపడగానే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఎక్స్‌రే తీశాం. చక్కెర.

"చక్కెర నిర్దోషే" అన్నారు సార్. దువ్వెన పళ్ళు ఒక్కొక్కటే వేలితో తుడిచారు. "అయినా, దొరికింది చక్కెర అంటే దొరకనిది ఇంకేముందో."

నేను ఏదో ఒకటి అనుంటే బాగుండేది. "సార్, వద్దు" అన్నా సరిపోయేది.

మార్చి 17, సోమవారం

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సార్‌ని ఆపేశాడు. "ఎవరికోసం?" అని అడిగాడట. ఇరవై రెండేళ్ళ సర్వీసు!

గడ్డం వెనక నుంచి ఇంకో మనిషి బయటికొచ్చాడు. బుగ్గన సొట్ట ఉంది. చుబుకం బాగా చిన్నది, పాలపళ్ళ పిల్లాడిదిలా. నవ్వు ఆపుకోవడానికి నేను గ్యాసు సిలిండర్ మీటరు చదువుతున్నట్టు నటించాను. చీపురు పిన్ని మాత్రం ముఖం మీదే, "అయ్యో బాబూ, ఒంట్లో బాలేదా?" అంది.

మధ్యాహ్నం సార్ భార్య ఫోను చేశారు. "పెళ్ళయినప్పట్నుంచీ పోరుపెడుతున్నా ఒక్కనాడు వినలేదమ్మా. నువ్వేం మందు పెట్టావు?"

పెళుసు.

మార్చి 18

లెక్కల విభాగంవాళ్ళ పాత సామాన్ల గది అడిగి తీసుకున్నాం. అక్కడ మా పదార్థం ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అసలు ఏ పదార్థమూ అడుగుపెట్టలేదు. వాళ్ళ పెద్దాయన ఒక్కటే అడిగాడు. "పేలుతుందా?"

"పేలదండీ."

"మరి చూడ్డానికి ఏముంటుంది?" అన్నాడు నిరాశగా. తాళంచెవి మాత్రం ఇచ్చాడు.

కొత్త గాజు. కొత్త ద్రావకం. కొత్త కోటు. తలకు స్నానపు టోపీ. లోపలికి వెళ్ళేముందు మూడుసార్లు స్నానం చేశాను. కొత్తగా శుద్ధి చేసిన పొడి, రెండుసార్లు. ఈసారి రాకపోతే నన్ను అడగండి.

మార్చి 19

పెళుసు.

అందమైన, నిగనిగలాడే, శుద్ధమైన పెళుసు.

సార్ ఆ గదిలో, విరిగిన స్కేళ్ళ కట్టల మధ్య కూర్చుని ఆలోచించారు. "కొత్త గది. కొత్త గాజు. గడ్డం లేని కొత్త నేను. తుమ్మేవాడా, వరండాలో ఉన్నాడు. అయితే తోడు కాదు. మిగిలింది పొడి ఒక్కటే." అప్పుడు నా వైపు చూశారు. కోపంగా కాదు, మామూలుగానే. "మొదటిసారి ఆ పొడిని ఎన్నిసార్లు శుద్ధి చేశావమ్మాయ్?"

"రెండుసార్లు సార్."

"కచ్చితంగా?"

"నోట్‌బుక్‌లో ఉంది సార్."

ఉంది. అది నా చేతిరాతే.

మార్చి 20

రెండుసార్లు.

రెండేళ్ళ కిందటి మధ్యాహ్నం ఏం చేశానో ఎవరికైనా గుర్తుంటుందా? గుర్తులేకపోవడం నేరం కాదు. నిన్న మధ్యాహ్నం ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

సాయంత్రం షాపులో కూర్చున్నాను. ఒకాయన తెల్లచొక్కా తెచ్చాడు. జేబు దగ్గర అరచేయంత మరక.

"ఏం మరకండీ ఇది?" అన్నాడు బావ.

"ఏమో, తెలీదు. పడింది."

ఆయన వెళ్ళాక బావ చొక్కా ఎత్తి నాకు చూపించాడు. "చూశావా మరదలా? ఈ షాపు పెట్టినప్పట్నుంచీ చూస్తున్నా, ఊళ్ళో మరకలన్నీ వాటంతటవే పడుతున్నాయి. ఒక్కడు కూడా పోసుకోలేదు. సిరా అని చెప్తే రెండు నిమిషాల పని. నూనె అన్నా సరే. చెప్పకపోతే నేనేం చెయ్యాలి? ఒకటి కాకపోతే ఒకటి పోసి చూస్తా. మరక లోపలికెళ్ళి కూర్చుంటది. అప్పుడు పోయేది మరక కాదు, బట్ట."

బావ అలా నా వైపే చూస్తూ ఎందుకు మాట్లాడాడో తెలియదు. బావకు కెమిస్ట్రీ రాదు.

మార్చి 21, శుక్రవారం

సరే. ఇది నా డైరీ. దీన్ని ఎవరూ చదవరు.

ఆ రోజు టేబుల్ టెన్నిస్ ఫైనల్. నేనూ, లైబ్రేరియన్ గారూ. ఆయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు, హవాయి చెప్పులతో ఆడతాడు. పొద్దున ఒకసారి శుద్ధి చేశాను. రెండోది మ్యాచి అయ్యాక చేద్దామనుకుని, తిరిగొచ్చి రాయడం ఎందుకని ముందే నోట్‌బుక్‌లో "రెండుసార్లు" అని రాసేశాను. సీసా మీద చీటీ కూడా అంటించాను. మ్యాచికి వెళ్ళాను. హోరాహోరీగా ఆడి ఓడిపోయాను. తర్వాత పని మీదకు మనసు పోలేదు. మర్నాడు పొద్దున ఒకసారే శుద్ధి చేసిన ఆ పొడినే తీసి, కరిగించి, చల్లార్చాను.

వంగాయి.

వంగేసరికి సార్ నన్ను ఎత్తి తిప్పినంత పని చేశారు. అంత సంతోషంలో, "సార్, ఒక చిన్న విషయం" అని ఎవరంటారు? ఒక వారం తర్వాత చెప్పాల్సింది. వారం తర్వాత, ఇప్పుడు చెబితే వారం ఎందుకు ఆగావంటారేమో అనిపించింది. ఆ తర్వాత మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. మరిచిపోవడానికి చాలా కష్టపడ్డాను.

అంటే ఆ పొడిలో ఏదో మురికి మిగిలిపోయింది. వంగేది ఆ మురికి వల్లే వచ్చి ఉండొచ్చు. రేపు ఎవరికీ చెప్పకుండా ఒకసారే శుద్ధి చేసిన పొడితో చేసి చూస్తాను. రాకపోతే ఈ పేజీ చించేస్తాను.

మార్చి 23, ఆదివారం

వచ్చింది!!!

సెలవు రోజు ల్యాబులో ఎవరూ ఉండరని వెళ్ళాను. బీకరులో పొడుగాటి సూదులు. చిమటాతో ఒకదాన్ని పట్టుకుని వంచాను. సున్నా చుట్టింది. వదిలాను. లేచి నిలబడింది. నేను అరిచాను.

తలుపు అద్దంలో మూడు మాస్కులు ప్రత్యక్షమయ్యాయి. సెలవు రోజు కూడా వచ్చి వరండాలో కూర్చున్నాడు, పిచ్చోడు.

"ఏమైంది?"

"ఏం లేదు!"

"మరి ఆ అరుపేంటి?"

"తుమ్మాను."

వాడు నన్ను అలా చూసి, "లోపలా? మరి నీకు లేవా మాస్కులు?" అని వెళ్ళి కూర్చున్నాడు.

మార్చి 24

ఉపాయం ఇది. ఒకసారి శుద్ధి చేసిన పొడిని చిన్న సీసాలో పోసి, "రెండుసార్లు" అని చీటీ అంటిస్తాను. ఎల్లుండి నలభైసార్లావిడ ముందు దానితో చేస్తాను. వంగుతుంది. ఆవిడ చప్పట్లు కొట్టి వెళ్ళిపోతుంది. సార్ పరువు దక్కుతుంది, నా థీసిస్ దక్కుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

తుమ్ములు వరండాలో ఉన్నాడు, అది వేరే సంగతి. ఆవిడ వెళ్ళాక లోపలికి పిలుస్తాం.

మార్చి 25

ఇది మోసం కాదు. చీటీ పాతదే. పాత చీటీలో ఉన్నదే మళ్ళీ రాశాను.

మార్చి 26, బుధవారం

వచ్చింది. ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. చేతిలో పెద్ద సంచి. జుట్టు మాత్రం ఎవరో గడ్డికోసే కత్తెరతో కత్తిరించినట్టు చెవుల పైకి, ఎగుడుదిగుడుగా ఉంది. నేను ఊహించుకున్న రాక్షసి కాదు. వస్తూనే చీపురు పిన్నిని దారి అడిగి, థాంక్స్ చెప్పింది. పిన్ని అప్పటికే ఆవిడ పార్టీ.

వరండాలో తుమ్ముల్ని చూసి, "ఈ బాబుకి ఏమైంది?" అంది.

"అనుమానితుడు" అన్నారు సార్.

ఆవిడ ఎందుకో నవ్వలేదు. తల ఊపింది, అర్థమైనట్టు.

నేను జేబులో సీసా సిద్ధంగా పట్టుకున్నాను. అప్పుడు ఆవిడ సంచిలోంచి తన సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క షరతు. చెయ్యి మీ అమ్మాయిది, పద్ధతి మీ అమ్మాయిది, పొడి మాత్రం నాది. నాలుగుసార్లు శుద్ధి చేశా. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ సందు లేదు."

సార్ హుందాగా, "తప్పకుండా" అన్నారు. నా సీసా జేబులోనే ఉండిపోయింది.

చేశాను. కరిగించి, వడగట్టి, మూత పెట్టి, ఐదింటికి గదికి తాళం వేశాం. తాళంచెవి ఆవిడే తీసుకెళ్ళింది.

అన్నం సహించలేదు. బావ అడిగాడు, అక్క అడిగింది. ఆకలి లేదన్నాను.

మార్చి 27, గురువారం

ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

తొమ్మిదింటికి తాళం తీశాం. బీకరు నిండా నిగనిగలాడే సూదులు. ఆవిడ చిమటా నా చేతికిచ్చింది. పట్టుకున్నాను. వంచాను.

పుటుక్.

రెండోది. పుటుక్. మూడోది.

"నలభై ఒకటి" అంది ఆవిడ. వెక్కిరింపుగా కాదు, అలసటగా.

అప్పుడు సార్‌ని చూశాను. గడ్డం ఉన్నన్నాళ్ళు ఆయన ముఖంలో ఏం జరుగుతుందో మాకెవరికీ తెలిసేది కాదు. ఇప్పుడంతా ఆరుబయటే. ఆ చిన్న చుబుకం వణుకుతోంది. "మేడమ్, తప్పు నాది. పత్రికకు నేనే రాస్తాను, వ్యాసం వెనక్కి తీసుకుంటాం. అమ్మాయి చేసిన పనిలో మాత్రం లోపం లేదు. రెండుసార్లు శుద్ధి చేసింది, నోట్‌బుక్‌లో ఉంది" అన్నారు.

నా కోసం ఆ మాట అన్నారు. నా నోట్‌బుక్ మీద ప్రమాణం చేసినట్టు అన్నారు.

"ఒకసారే సార్" అన్నాను.

"ఏంటి?"

"ఒకసారే చేశాను సార్. రెండోసారి చెయ్యలేదు. చెయ్యకుండానే రాశాను." జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. చీటీ మీద "రెండుసార్లు" అని ఉంది. దాన్ని గోటితో గీకి తీయబోతే రాలేదు. గట్టి జిగురు వాడాను. "ఇది కూడా ఒకసారే సార్. దీంతో వంగేది వస్తుంది. ఆదివారం వచ్చింది."

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ముందుగా కదిలింది ఆవిడే. సీసా తీసుకుని, తనే పొడి తూచి, తనే కరిగించి, చల్లనీళ్ళలో పెట్టింది. రెండున్నర గంటలు నలుగురం కాపలా కాశాం. నలుగురం అంటే, ఈ గొడవకు తుమ్ములు కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరికీ గుర్తుకు రాలేదు.

సూదులు వచ్చాయి, చిన్నవి. ఆవిడ ఒకదాన్ని పట్టుకుని వంచింది. వంగింది. ఇంకా వంచింది. రెండు కొసలూ కలిశాయి. వదిలింది. టపీమని లేచి ఆవిడ కళ్ళద్దాలకు కొట్టుకుని పడింది.

అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది చూడండి! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, బల్ల పట్టుకుని నవ్వింది. "నలభై సార్లు! రానప్పుడల్లా ఇంకాస్త శుభ్రం చేశాను. రెండుసార్లు కాదని మూడు, మూడు కాదని నాలుగు! ఎంత శుభ్రం చేస్తే అంత దూరం తరిమాను దాన్ని."

తర్వాత సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ గీసి వివరించింది. మిగిలిపోయిన ఆ మురికి, పెళుసుది పెరిగే చోటికి వెళ్ళి కూర్చుంటోందేమో. బస్సులో సీటు మీద ఎవరో ముందే సంచి పెట్టినట్టు. పెళుసుదానికి కూర్చునే చోటు లేక ఆగిపోతే, ఆ సందులో వంగేది ఎక్కేస్తోంది. ఇదింకా అనుమానమే, కొలిచి తేల్చాలి అంది. సుద్దపొడి రేగి గుమ్మం దగ్గర ఏడు తుమ్ములు వినపడ్డాయి.

"నేను కూడా తోడు అనే అనుకున్నా" అంది ఆవిడ. "నా ల్యాబులో పిల్లలందరి చేతిగాజులూ తీయించా. పరదాలు తగలబెట్టించా. చివరికి..." అని తన తల తడుముకుంది. "నడుం దాకా ఉండేది. ఎవరినీ అనలేక నేనే కత్తిరించుకున్నా."

సార్ చెయ్యి దానంతటదే చుబుకం మీదకు వెళ్ళింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పంట కోత అయిపోయిన రెండు పొలాలు పలకరించుకున్నట్టు ఉంది.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. నవ్వు లేదు. "రెండో శుద్ధి ఎందుకు చెయ్యలేదు?"

"టేబుల్ టెన్నిస్ ఫైనల్ ఉంది మేడమ్."

"గెలిచావా?"

"లేదు మేడమ్."

"కనీసం గెలవాల్సింది" అంది.

మార్చి 28

సార్ నాతో మాట్లాడలేదు.

మార్చి 29

మాట్లాడలేదు. ఇంటికొచ్చి అక్కకూ బావకూ అంతా చెప్పాను. అక్క లేచి వెళ్ళి ఫ్రేము తీసేస్తుందేమో అనుకున్నాను. "ఏం మరకో చెప్పావు కదా, ఇక వదులుద్దిలే" అన్నాడు బావ. అక్క మాత్రం అన్నం పెడుతూ, "ఆ లైబ్రేరియన్ చేతిలోనా ఓడిపోయావు?" అంది.

మార్చి 31, సోమవారం

సార్ పిలిచారు. నోట్‌బుక్ తెరిచి ఉంది, ఆ పేజీ దగ్గర.

"గడ్డం పోతే మళ్ళీ వస్తుంది" అన్నారు. "కానీ ఈ పుస్తకంలో ఒక్క ముక్క అబద్ధం ఉంటే, అది నమ్మి ఎక్కడెక్కడ ఎంతమంది ఏమేం గొరిగించుకుంటారో లెక్క ఉండదు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఆ మాట మీద ఒకే ఒక్క గీత కొట్టించి, పక్కన "ఒకసారి" అని రాయించి, ఈ రోజు తేదీ వేయించి, సంతకం పెట్టించారు. పాతది చదవడానికి వీలుగా ఉండాలట, చెరిపేయకూడదట. కొలతలన్నీ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఆ మురికి ఏమిటో, ఎంత ఉంటే వంగుతుందో తేల్చాలి. ఆ మేడమ్ ల్యాబూ మనమూ కలిసి. నా థీసిస్ ఇంకో ఏడాది.

"ఇక వెళ్ళు. ముందు వరండాలోకి వెళ్ళు" అన్నారు.

వెళ్ళాను. తుమ్ములు ఏదో కాగితాల దొంతర సర్దుతున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను క్షమించు. నువ్వు కాదని నాకు ముందే తెలుసు. కనీసం, తెలిసి ఉండాల్సింది."

వాడు మాస్కులు ఒక్కొక్కటే విప్పాడు. మూడోది విప్పాక ముఖం మీద మూడు గీతల అచ్చు ఉంది. మూడింటినీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అందరి ముందూ నా పేరు చెప్పావు చూడు, అది బాధేసింది. వరండా కాదు" అన్నాడు.

"తెలుసు."

"వరండా బానే ఉంది. లోపల ఉంటే మీ అందరి సొద. ఇక్కడ పనేం లేదు కదా, కూర్చుని రాసుకున్నా." దొంతర నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. వాడి థీసిస్. మొత్తం. ఆఖరి అధ్యాయంతో సహా. "తప్పులుంటే చూసి పెట్టు. ఒక్కసారి చూస్తే చాల్దు, మళ్ళీ చూడు."

నా కళ్ళు చెమర్చాయి. అది చూసి వాడు కంగారుపడి, "ఏడిస్తే కాగితాలు తడుస్తాయి" అన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

పత్రికకు పంపాల్సిన సవరణ ఉత్తరం రాసి సార్‌కి ఇచ్చాను. పూర్తిగా చదివారు. కొత్తగా మొలుస్తున్న గడ్డం దురద పెడుతున్నట్టుంది, గోక్కుంటూ ఒకచోట ఆగారు.

"'ఆ మధ్యాహ్నం టేబుల్ టెన్నిస్ ఫైనల్ ఉన్నందువల్ల రెండో శుద్ధి జరగలేదు.' ఇది అవసరమా?"

"ఆ మేడమ్ కారణంతో సహా రాయమన్నారు సార్."

కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

"సరే, ఉండనీ. స్కోరు మాత్రం తీసెయ్."

తీసేశాను. కానీ ఇక్కడ రాయకుండా ఉండలేను. మార్చి ఇరవై ఒకటిన "హోరాహోరీగా" అని రాశాను, ఆ మాటను ఒకే గీతతో కొట్టేశాను, పాతది కనపడేలా. పదకొండు-రెండు, పదకొండు-ఒకటి, పదకొండు-రెండు. నాకొచ్చిన ఆ ఐదింటిలోనూ రెండు, లైబ్రేరియన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నప్పుడు వేసినవి.